నింపకూడని గుంట

ముప్పై మీటర్లకొక గడి. గడికొక అంకె.
ఏడు వందల పద్నాలుగు, ఏడు వందల పన్నెండు,
పన్నెండు, పన్నెండు, మళ్ళీ పద్నాలుగు.
ఉపగ్రహం పంపిన హెర్జెగోవినా ఇదే.
మోస్తార్‌లో మూడో అంతస్తులో కూర్చుని
కొండల్ని ఎక్కాల పుస్తకంలా చదువుతున్నాను.

ప్రతి గడీ తన నీళ్ళను ఒక్క పొరుగుకే ఇస్తుంది.
అష్టదిక్కుల్లో ఎవరు అందరికన్నా పల్లాన ఉంటే వాళ్ళకి.
ఇచ్చాక తనకంటూ చుక్క ఉంచుకోదు.
నీరు పల్లమెరుగు.
నా ప్రోగ్రామ్ పక్కింటినే ఎరుగు.

లెక్కకి ముందు ఒక పని ఉంది, గుంటలు పూడ్చడం.
చుట్టూ ఎత్తు, నడుమ పల్లం.
అలాంటి గడిలో పడ్డ నీరు బయటికి రాదు,
లెక్క ముందుకి సాగదు.
అవన్నీ ఉపగ్రహం చూపు తప్పులని,
కొండ నీడని గొయ్యి అనుకుని ఉంటుందని
మాకు చెప్పిన పాఠం.
మీట నొక్కాను.
పన్నెండు వేల మూడు వందల గుంటలు
కాఫీ చల్లారేలోగా చదునైపోయాయి.

అప్పుడు నదులు పుట్టాయి.
చీమల బారులు కలిసినట్టు
సన్నగీతలు వచ్చి లావుగీతలో కలిశాయి.
అందులో ఒకటి క్రూష్నో పొలాలను నిలువునా కోసి
బడి గోడ పక్కనుంచి పోయింది.
నూరేళ్ళకొక్కసారి పడే వాన పడితే
నల్లబల్ల సగం దాకా నీళ్ళు.
ఆ మేర ఎర్రరంగు పూసి
మ్యాపు చుట్టి చంకన పెట్టుకుని బయల్దేరాను.

స్తానాకి ఎనభై ఒకటి. మిల్లు నడిపినావిడ.
మ్యాపుని తలకిందులుగా పట్టుకుంది.
సరిచెయ్యబోతే నా చెయ్యి నెట్టేసింది:
"మా గుమ్మంలోంచి ఇలాగే కనిపిస్తుంది."
చాలాసేపు చూసింది.
"ఈ నది ఎవరిది?"
వాన గట్టిగా పడితే వస్తుందమ్మా అన్నాను.
"నా పెళ్ళయిన ఏడు పదకొండు రోజులు పడింది. రాలేదు.
పోనోర్ తాగేసింది."

సున్నపురాతి కొండకి ఒక నోరుంది.
వాగు అక్కడిదాకా వచ్చి లోపలికి దిగిపోతుంది.
ఆ నోటి మీదే వాళ్ళ మిల్లు.
దిగే నీళ్ళే తిరగలిని తిప్పేవి.
ఒకసారి వాళ్ళాయన బస్తాడు ఊక పోసి చూశాడట,
నాలుగో రోజుకి కొండ అవతల
ఉప్పుగాలి తగిలే ఊటలో తేలిందట.
"లోతెంత?" అడిగాను.
"రాయి వేస్తే చప్పుడు వినపడలేదు.
యుద్ధంలో రాళ్ళే కాదు, ఇంకా ఏమేం వేశారో
అది నన్నడక్కు."

చూస్తానని లేచాను.
కంచె దగ్గరే ఆపేసింది.
ఎర్రబోర్డు మీద పుర్రె, కింద తుప్పు.
మందుపాతరలు పెట్టినవాళ్ళు పటం ఇవ్వకుండానే పోయారు.
మేకలు కూడా నేర్చుకున్నాయి,
ఆ గడ్డి ఎంత పచ్చగా ఉన్నా మెడ చాపవు.

తిరిగి వస్తుంటే వెనక నుంచి కేకేసింది:
"ముందు ఏటా మా మగవాళ్ళు దిగి
దుంగలూ ఆకులూ లాగేసేవాళ్ళు.
ముప్పై ఏళ్ళయింది ఆ నోరు ఎవరూ కడిగి.
అది మూతపడిందా, పిల్లా,
నీ నది నిజమే."

రాత్రి ఆ గడిని వెతికి పట్టుకున్నాను.
వరస నాలుగు వందల ఆరు.
నేను పోసిన మట్టి తీసేశాను.
లోతు రాయమంది ప్రోగ్రామ్.
నా దగ్గర అంకె లేదు.
'విలువ లేదు' అని రాసి మీట నొక్కాను.
బడి వైపు నడిచిన గీత
కాసేపు ఆగి,
పొలాలొదిలేసి, కొండ కిందికి తిరిగి
తెర మీద మాయమైంది.

ఎర్రరంగు మాత్రం చెరపలేదు.
రెండు మ్యాపులూ ఒకే కవరులో పెట్టాను,
నోరు తెరిచినది, నోరు మూసినది.
చిరునామా దగ్గర చెయ్యి ఆగింది.
నీటి శాఖ పేరు కొట్టేసి
మందుపాతరలు తీసేవాళ్ళ ఆఫీసు పేరు రాశాను.
కింద స్తానా చెప్పినట్టే, తలకిందులుగా,
దారి గీశాను.